ఇరవై ఆరు, అంతా టాపే

మొన్న గురువారం ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. పంపింది మా అన్న మనవడు. అందులో వాళ్ల వాకిట్లో మా అన్న మోటారు సైకిలు, దాని ముందు ఎర్ర గుడ్డ పరిచిన బల్ల, బల్ల మీద ఒక బోర్డు. నంద్యాల జిల్లా అయిన దగ్గర్నుంచి ఊళ్లో ప్రతిదానికీ ఒక ప్రదర్శన పెడుతున్నారు. ఈసారి పాత మోటారు సైకిళ్ల వంతు వచ్చింది, ఆదివారం సాయంత్రం నుంచి. కళ్లజోడు తుడుచుకొని బోర్డు చదివాను. "టాప్ స్పీడు: 120. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు 26 నిమిషాలు. దారి పొడవునా టాప్ స్పీడే!" అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో "ఆధారం: కుటుంబ డైరీ" అని ఉంది. ఆ డైరీ రాసింది నేను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అది తెలియకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. నాకు డెబ్బై ఆరేళ్లు. ముప్పై మూడేళ్లు నంద్యాలలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పాను. లెక్క మొత్తం సరిగ్గా చేసి, చివర జవాబు పక్కన గజాలో గంటలో లీటర్లో రాయని పిల్లకు అర మార్కు కోసేదాన్ని. "పన్నెండంటే ఏం పన్నెండు? అరటిపండ్లా, అమావాస్యలా?" అని అడిగేదాన్ని. ఇప్పటికీ కూరగాయల మార్కెట్టులో ఎవరో ఒక నడివయసు మనిషి తన కోడలికి నన్ను చూపించి, "మా అర మార్కు టీచరు" అని గొణగడం నా చెవిన పడుతూనే ఉంటుంది. నాకు అందులో చిన్నతనం ఏమీ లేదు. వాళ్లలో ఒక్కరు కూడా కిలో ధర చూసి పావుకిలో అనుకొని మోసపోయిన దాఖలా లేదు.

అలాంటి నా పేరు చెప్పి ఆ బోర్డు! నూట ఇరవై అనేది ఆ బండి వేగమే కాదు. స్పీడు మీటరు డయలు మీద చిట్టచివర అచ్చు వేసిన అంకె. డయలు మీద ఉన్నంత వేగం బండి పోతుందా? పది శేర్ల కుండ కొన్నంత మాత్రాన ఇంట్లో పది శేర్ల పాడి ఉన్నట్టా? పైగా అది సముద్రాల అవతల తయారైన బండి, డయలు మైళ్లది. నూట ఇరవై మైళ్లంటే నూట తొంభై మూడు కిలోమీటర్లు. నల్లమల కొండ మీద నుంచి కిందికి తోసినా ఆ బండికి అంత వేగం రాదు. వాడు మైళ్లని కూడా రాయలేదు, కిలోమీటర్లని కూడా రాయలేదు. ఉత్త నూట ఇరవై. అరటిపండ్లా, అమావాస్యలా?

ఫోను చేయలేదు. కోపంగా ఫోను చేస్తే అవతలివాళ్లు సిగ్నలు లేదని పెట్టేస్తారు. చెప్పులేసుకొని రెండు వీధులు నడిచి వాడి ఇంటికే పోయాను. వాడు బేతంచెర్లలో పాలిష్ బండల వ్యాపారం చేస్తాడు. ఏడాదిగా పొద్దున బండలు, సాయంత్రం ఈ బండి. అప్పుడు కూడా గుడ్డ పట్టుకొని పెట్రోలు ట్యాంకు తుడుస్తున్నాడు.

"ఏందిరా ఆ బోర్డు?"

"బాగుండాదా అవ్వా? ఇంకా పెద్దది కొట్టిస్తాండా, ఫ్లెక్సీ."

"ఇరవై ఆరు నిమిషాలని ఎవురు చెప్పినార్రా నీకు?"

"నువ్వే."

నేను ఇంకో మాట అనేలోపే వాడే అందుకున్నాడు. "నీ నోటుబుక్కులో ఉండాదవ్వా. నంద్యాల ఆళ్లగడ్డ ఇరవై ఆరు, అంతా టాపే. నీ రాతే. నేను లెక్క కూడా వేసి చూసినా. నలభై రెండు కిలోమీటర్లు, ఇరవై ఆరు నిమిషాలు. గంటకు తొంభై ఏడు పడ్తాండాది. డయలు మీద నూట ఇరవై ఉండాది గానీ, ఈ బండి నూట అయిదు దాకా పోతాదని నెట్టులో ఉండాది. కరెక్టుగా సరిపోయె!"

మనసులో నేనూ వేసి చూశాను. తొంభై ఆరు పాయింటు తొమ్మిది. లెక్క తప్పయితే అక్కడికక్కడే చెవి మెలిపెట్టి వచ్చేదాన్ని. లెక్క సరిగ్గా ఉంది. తప్పు లెక్క కంటే, చక్కగా కుదిరిన అబద్ధం ఎక్కువగా ఒళ్లు మండిస్తుందని ఈ వయసులో నాకు కొత్తగా తెలిసింది.

"ఇంగా చెప్పలేదు నీకు," అన్నాడు వాడు, ఏదో బహుమతి దాచిపెట్టినవాడిలా. "ఆదివారం పొద్దున ఆరింటికి జేజినాయన రికార్డు నేను కొడ్తాండా. ఇరవై అయిదు నిమిషాల్లో ఆళ్లగడ్డ. మావోళ్లు వెనక కారులో వీడియో తీస్తారు." జేజినాయన అంటే వాడి తాత, మా అన్న.

అప్పుడు చూశాను. బండి పక్కన ఉండాల్సిన తొట్టిని, అదే మనిషి కూర్చునే పక్క బండిని, విప్పేసి గోడవార నిలబెట్టాడు. బరువు తగ్గుతుందట.

"బ్రేకులు చూసినావా?"

"చూసినా. ఉండాయి."

ఉన్నాయి! వేగం రెండింతలైతే బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. వేగం నాలుగింతలైతే పదహారింతలు. మా అన్న పదిహేను మైళ్ల వేగంలో ఆ బండిని నాలుగు బారల్లో ఆపేవాడు. అరవై మైళ్ల మీద పోతే అరవై నాలుగు బారలు కావాలి. నాలుగు వరుసల కొత్త రోడ్డు మీద, రాంగు రూట్లో ఎదురొచ్చే ట్రాక్టరు అన్ని బారల దూరంలో నిలబడి మనకోసం కాచుకొని ఉంటుందా? ఇదంతా చెప్పాను. వాడు నవ్వాడు. "నువ్వు భయపడ్తాండావవ్వా. ఆ రోడ్డు మీదనే జేజినాయన పోలేదా?" అన్నాడు. వాడికీ ఇరవై ఆరే. ఏళ్లు. నా చేతిరాతను నమ్ముకొని మా ఇంటి బిడ్డ ఆదివారం పొద్దున ప్రాణం మీదికి తెచ్చుకోబోతున్నాడు.

మా అన్న ఆ బండి కొని యాభై అయిదేళ్లు. ఆళ్లగడ్డలో మాది విత్తనాలు, ఎరువుల అంగడి. నంద్యాలలో ఉండే ఒక రిటైరైన మిలిటరీ డ్రైవరు దగ్గర ఆ బండిని తొట్టితో సహా కొని, అందులో వేరుశనగ విత్తనాల మూటలు వేసుకొని పల్లెలు తిరిగేవాడు. పొడుగాటి బండి. బర్రె కొమ్ముల్లా వెనక్కి వంగిన హ్యాండిలు, స్ప్రింగుల మీద ఊగే తోలు సీటు, అరచేతంత వెడల్పు మడ్గార్డులు. గేరు కుడిచేత్తో మార్చాలి, ట్యాంకు పక్కన కడ్డీ ఉంటుంది; యాక్సిలరేటరు ఎడమ చేతికి. క్లచ్చి కాలితో తొక్కాలి. గేర్లు మూడే: ఫస్టు, సెకండు, టాపు. ఆ క్లచ్చి మహా మొరటుది. గేరు మార్చినప్పుడల్లా తొట్టి మేకపిల్లలా ఎగిరేది. బండి నిలిపిన చోట నాపబండ మీద నూనె మరక పడేది. మా అమ్మ సున్నంతో, చింతపండుతో, చివరకు ఇటుక పొడితో రుద్దింది. ఆ మరక ఇప్పటికీ ఉంది. అమ్మ లేదు.

ఈ కాలం పిల్లలకు టాపు అంటే పరీక్షలో మొదటి ర్యాంకు, లేకపోతే స్పీడు. మా కాలంలో రోడ్డు మీద టాపు అంటే ఆఖరి గేరు, అంతే. లారీ డ్రైవర్లు కూడా "సిరివెళ్ల మెట్ట టాపులో ఎక్కినా" అనేవాళ్లు. అంటే గేరు తగ్గించకుండా ఎక్కారని అర్థం. వేగంగా ఎక్కారని కాదు. ఆఖరి గేరులో ఉంచి వేగంగా పోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ గేరులోనే మెల్లగా పోవడం కష్టం. ఇంజను దగ్గుతుంది, వణుకుతుంది, చచ్చిపోతుంది. మా అన్న గొప్పంతా అందులోనే. టాపులో ఉంచి, పరుగెత్తే జట్కా పక్కన జట్కాతో సమానంగా పోయేవాడు. ఇంజను చప్పుళ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు, బుడుక్, బుడుక్, బుడుక్ అని. ఒకసారి నేను అడిగాను, దీని టాపు స్పీడెంత అని. "తెలీదు పాపా. యాపొద్దూ తోలి చూడలే," అన్నాడు. నాకు చిరాకేసింది. కొన్న వస్తువు కొలత తెలియకుండా ఎలా? "జోరుగ పోతే అది బండి గొప్ప. మెల్లగ పోతే నా గొప్ప," అన్నాడు. అప్పుడు సోమరి మాట అనుకున్నాను.

ఇరవై ఆరు సంగతి యాభై రెండేళ్ల నాటిది. అమ్మకు రెండు కళ్లలోనూ పొర వచ్చింది. మొదటి కంటికి నంద్యాలలో ఆపరేషన్ అయ్యాక బస్సులో ఇంటికి తీసుకుపోయాం. ఆ రోజుల్లో కంటికి కుట్లు వేసేవాళ్లు, తల కదలకూడదని రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి పడుకోబెట్టేవాళ్లు. ఆ బస్సు గుంటల్లో పడి లేచింది, లేచి పడింది. మూడోనాటికి కన్ను ఎర్రబడి చూపు పోయింది. బస్సు వల్లే పోయిందో లేదో డాక్టరు చెప్పలేదు. అమ్మ మాత్రం చచ్చేదాకా బస్సునే తిట్టింది. మరుసటి ఏడు రెండో కంటికి చేసినప్పుడు డాక్టరు మా అన్నను పక్కకు పిలిచి, కుదుపు తగిలితే ఇక చేసేదేం లేదని చెప్పాడు. ఉన్నది ఆ ఒక్క కన్నే.

పదో రోజు పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు బయల్దేరాం. తొట్టిలో రెండు పరుపులు, నాలుగు దిండ్లు, మధ్యన కళ్లకు గంతలతో అమ్మ. వెనక సీటు మీద నేను, ఒక చేత్తో అమ్మ తల పట్టుకొని, ఇంకో చేతికి గడియారం పెట్టుకొని. మొదటి ఫర్లాంగులోనే రెండు గేర్లూ మార్చేశాడు, పాలగిన్నె దించినంత నెమ్మదిగా. అక్కడ టాపులో వేశాడు. ఇక ఆ కడ్డీని ముట్టుకోలేదు. గేరు మారిస్తే తొట్టి ఎగురుతుంది, ఆగితే మళ్లీ ఫస్టు నుంచి మొదలుపెట్టాలి. అందుకని ఆగకూడదు, వేగమూ పెరగకూడదు. గుంట కనిపిస్తే ఇరవై గజాల ముందే బండిని పక్కకు తిప్పేవాడు. బర్రెలు అడ్డమొస్తే హారను కొట్టకుండా, "జరుగు, తల్లీ, జరుగు" అని బతిమాలేవాడు. ఎడమ పక్క నల్లమల వెనక నుంచి సూర్యుడు లేచాడు. అమ్మకు కనిపించదు కదా, "యాడికొచ్చినాం?" అని అడుగుతూనే ఉంది. నేను చెప్పేలోపే వాసన పట్టేది. ఊక వాసన వస్తే, రైసు మిల్లు దాటినామంది. బురద వాసన వస్తే, కాలువ అంది.

ఆ దారిలో మమ్మల్ని దాటని ప్రాణి లేదు. ఒక బస్సు పోతూ పోతూ నెమ్మదించింది. కండక్టరు తల బయటపెట్టి, "ఏమప్పా, బండికి పొద్దున సంగటి పెట్టలేదా?" అని అరిచాడు. సిరివెళ్ల దగ్గర పాలక్యాన్ల సైకిలతను మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి, "యాడికన్నా, పెండ్లికూతుర్ని దించను పోతాండావా?" అన్నాడు. మా అన్న పళ్లు బిగబట్టి రోడ్డు చూస్తున్నాడు. తొట్లోంచి అమ్మే జవాబిచ్చింది. "అవునప్పా. కట్నం తక్కువైందంట, మెల్లగ తోల్తాండాడు." అన్నకు నవ్వొచ్చింది కానీ భుజాలు కదలనివ్వలేదు. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందు ఆగేసరికి ఏడూ యాభై నాలుగు. గంటా నలభై నాలుగు నిమిషాలు. ఇరవై ఆరు మైళ్లు. గంటకు సరిగ్గా పదిహేను. అన్న బండి దిగి, ఎడమ చేయి పిడికిలి విప్పలేక, వేళ్లను ఒక్కొక్కటిగా కుడిచేత్తో లాగి విప్పుకున్నాడు.

ఆ కన్ను పదకొండేళ్లు చూసింది. గంతలు విప్పిన రోజు అమ్మ బండిని చూపించమంది. చుట్టూ తిరిగి చూసి, "ఇంత లావుండాదా! ఇది కదిలినట్లే తెలీలేదే," అంది. మా అన్నకు జీవితంలో దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. దాన్ని ఇప్పుడు పట్టుకొచ్చి ఇరవై ఆరు నిమిషాలు అంటారా?

ఇదంతా వాడి ముందు నిలబడి చెప్పాను. వాడు లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చి, ఆ పేజీ తీసి నా కళ్ల ముందు పెట్టాడు. "నువ్వు చెప్పేది యాభై ఏండ్ల నాటి మాట. ఇది రాసింది ఆ పొద్దే కదా. మైళ్లని యాడుంది, చూపీ."

చూశాను. నీలం సిరా, నా ఇరవై నాలుగేళ్ల నాటి చేతిరాత. తేదీ, బయల్దేరిన ఊరు, చేరిన ఊరు. ఆ తర్వాత 26. ఆ తర్వాత "అంతా టాపే". అంతే. అది మా అన్న పెట్రోలు పుస్తకం. పెట్రోలుకు బండి ఎంత దూరం ఇస్తోందో చూడడానికి నేనే గళ్లు గీసి పెట్టాను. గళ్ల పైన మొదటి పేజీలో "మైళ్లు" అని రాశాను. మొదటి పేజీని చెదలు తిన్నాయి. మిగతా పేజీల్లో, నలభై ఏడు పేజీల్లో, ఒక్కచోట కూడా రాయలేదు. చదివేది నేనే కదా, నాకు తెలుసు కదా అనుకున్నాను. ముప్పై మూడేళ్లు ప్రతి పిల్లా నాకు చెప్పిన సాకు అదే: "నాకు తెలుసు టీచర్, రాయడం మర్చిపోయినా."

కాసేపు వాడి మొహం చూడలేకపోయాను. తర్వాత కోపం మళ్లీ వచ్చింది, ఈసారి సగం నా మీద. "సరే," అన్నాను. "నీ జేజినాయన రికార్డు కొట్టల్లంటే ఆయప్ప పోయినట్లే పోవల్ల. తొట్టి బిగించు. నేను కూచుంటా. ఒళ్లో చెంబు నిండా నీళ్లు పెట్టుకుంటా. ఊరు దాటినాక గేరు ముట్టుకోకూడదు. నీళ్లు ఒలికితే కన్ను పోయినట్లే."

"ఇంతేనా? సులువే," అన్నాడు వాడు. "అది కొట్టినాక నాది నన్ను కొట్టనిస్తావా?"

"కొట్టనిస్తా," అన్నాను. నా జీవితంలో ఇంత ధైర్యంగా అబద్ధం ఆడలేదు.

ఆదివారం ఆరూ పదికి బయల్దేరాం. మూడో కిలోమీటరు రాయి దగ్గర ఇంజను దగ్గి ఆగింది. సగం నీళ్లు నా చీర మీద. మళ్లీ నింపుకున్నాను. ఐదో కిలోమీటరు దగ్గర మళ్లీ ఆగింది. మళ్లీ నింపుకున్నాను. ఒక ఆటో అతను పక్కనే నడుపుతూ, "ఏమన్నా, పెట్రోలు పోసేది మర్చిపోతివా?" అన్నాడు. వీడియో తీసే స్నేహితులు కాసేపు నవ్వి, ఇంకాసేపు ఆవలించి, టిఫినుకని కారు ముందుకు పోనిచ్చారు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర వాడు నాతో మాట్లాడడం మానేశాడు. సిరివెళ్ల దాటాక నాకు చాలా ఏళ్లుగా వినని చప్పుడు వినిపించింది. బుడుక్, బుడుక్, బుడుక్. ఒక మైలున్నర దూరం అలాగే పోయింది. నేను లెక్కపెట్టాను. తర్వాత మళ్లీ ఆగింది.

ఆళ్లగడ్డ చేరడానికి రెండు గంటల ముప్పై ఒక్క నిమిషం పట్టింది. ఏడుసార్లు ఆగాం. చెంబులో రెండు వేళ్ల నీళ్లు మిగిలాయి. వాడు బండి దిగి ఎడమ చేతి వేళ్లను కుడిచేత్తో ఒక్కొక్కటిగా లాగి విప్పుకుంటూ, "ఇంత మంచి రోడ్డు మీద నాకు కాలేదు," అన్నాడు. "ఆ గుంటల్లో, వాళ్లమ్మను పెట్టుకొని, ఆయప్ప ఎట్ల తోలినాడవ్వా?"

 నేను హ్యాండిలు మీద అప్పటిదాకా వాడి చేయి ఉన్న చోటే చూస్తున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఇరవై అయిదు నిమిషాల మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కొత్త బోర్డు ఆ మధ్యాహ్నమే రాశాం. నేను చెప్పాను, వాడు రాశాడు. "టాప్ స్పీడు: తెలియదు. నడిపినాయన ముప్పై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ చూడలేదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, 26 మైళ్లు, టాపు గేరులో, గంటా 44 నిమిషాలు." ప్రదర్శన వాళ్లు వచ్చి, ఇలాంటి బోర్డు పెడితే ఎవరు చూస్తారమ్మా అన్నారు. చూడకపోతే పోనీమన్నాను. మిగతా పద్నాలుగు బండ్ల ముందూ ఒక్కొక్క అంకె ఉంది. అందులో తొమ్మిదింటికి యూనిట్ లేదు. వాళ్లకు కూడా చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చి పాత ఎర్ర సిరా పెన్ను వెతికాను. సిరా ఎండిపోయింది, నీటిలో ముంచి రాశాను. ఆ పేజీలో 26 పక్కన "మైళ్లు" అని రాసి, దాని పక్కనే సున్న చుట్టి నాకు అర మార్కు కోశాను. తర్వాత పుస్తకం ఆఖరి పేజీ తెరిచాను. అన్న పోయిన రోజు తేదీ అక్కడ నేనే వేశాను. దాని కింద, ఇప్పటికి ఎంతయిందో లెక్క కట్టి పదిహేడు అని వేశాను. పక్కన ఏళ్లు అని రాయాలి. నాకైతే, అవి ఇప్పటికీ నిమిషాల్లాగే ఉన్నాయి.